పిట్ట ముట్టని ముద్ద

మా నాయిన సమాధి మీద మా అమ్మ ఆకులు పెట్టేది. పెత్రమాస నాడు ఊరంతా పోయిన పెద్దలకు కోడికూర, కల్లు, గారెలు పెట్టుకుంటుంటే, మా అమ్మ అమృతమ్మ మాత్రం పొద్దున్నే మెట్ట చెలకలన్నీ తిరిగి తుమ్మికూర, జొన్నాకు, తంగేడు మండలు కోసుకొచ్చేది. వాటిని మోపుగా కట్టి, సీతాఫలం చెట్టు కింద ఉన్న ఆ చిన్న గద్దె మీద పెట్టి దండం పెట్టుకునేది. "హనుమంతు మేకై పుట్టిండేమో" అని మా నాయిన పేరెత్తి ఊళ్ళో ఆడవాళ్ళు మూతులు దాచుకుని నవ్వుకునేవాళ్ళు. నా ముందు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. ఈ శ్రీవాణి నోట్లో పడితే బతికి బయటపడలేమని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

అమ్మ మొదటి నుంచీ అలా చేయలేదు. నాయినకు నీసు లేనిదే ముద్ద దిగేది కాదట. ఆయన పోయిన మొదటి ఏడు అమ్మ తాను పెంచుకున్న పుంజును కోసి, కారం దట్టించి వండి, విస్తట్లో పెట్టి, పక్కన కల్లు ముంత పెట్టి, పొద్దుగూకేదాకా చెట్టు కింద కూర్చుంది. పోయినవాళ్ళకు పెట్టిన కూడు కాకి వచ్చి ముట్టుకుంటే ఆ మనిషి తిన్నట్టు. ముట్టకపోతే ఏదో కోపమో కోరికో మిగిలిపోయినట్టు. మా వైపు దాన్ని పిట్టకు పెట్టడం అంటారు. ఆ ఏడు పిట్ట రాలేదు. రెండో ఏడూ రాలేదు. పక్క చెలకలో ఇంకొకరి గద్దె మీద కాకులు కొట్లాడుకుని తినేవి, మా నాయిన విస్తరి దగ్గరికి వచ్చేసరికి రెక్క వాల్చకుండా పక్కకు తిరిగిపోయేవి. అలా ఏడేళ్ళు గడిచాయి.

ఎనిమిదో ఏడు కరువు. ఇంట్లో పుంజు కాదు గదా గుప్పెడు బియ్యం లేవు. అమ్మ ఏడుపు ముఖంతో గట్టు మీద మొలిచిన తుమ్మికూర నాలుగు పిడికిళ్ళు తెంపి గద్దె మీద పెట్టి, "ఈ యేడు గింతే" అని చెప్పి వచ్చేసింది. తెల్లారి వెళ్ళి చూస్తే ఒక్క ఆకు లేదు, ఒక్క కాడ లేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు. అమ్మ ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ మాంసం పెట్టలేదు.

"మేకలు తిన్నయమ్మా" అనేదాన్ని, కాస్త పెద్దయ్యాక.

"మేక తింటె పెంటికెలు ఉంటయి. ఏవీ?"

"మరి నాయిన ఆకులు తింటుండా?"

"నాకేం తెలుసు బిడ్డా. తిన్నోళ్ళను చూడలే. కానీ ఒకటి చెప్త, నవ్వకు. ఆకులు పెట్టి మళ్ళినప్పుడు ఎన్కకెల్లి అడుగులు ఇనవడ్తయి. చెవులకు కాదు, అరికాళ్ళకు. భూమి ధన్నుమంటది, మల్ల జర సేపటికి ధన్నుమంటది. మీ నాయిన గంత బరువు లేకుండె."

నేను నవ్వేదాన్ని. హాస్టళ్ళలో చదివి, పాలమూరులో భూగర్భశాస్త్రం డిగ్రీ చేసి, హైదరాబాద్‌లో ఒక మ్యూజియంలో గైడుగా చేరినదాన్ని నేను నవ్వకపోతే ఎవరు నవ్వుతారు? మా మ్యూజియం పెద్ద హాల్లో గోదావరి లోయలో దొరికిన రాక్షసబల్లి అస్థిపంజరం ఒకటి నిలబెట్టి ఉంటుంది. రోజుకు పది బడుల పిల్లలు వస్తారు. కర్రతో ఒక్కో ఎముకనూ చూపించి పేరు చెప్పడం నా పని. మన దేశంలో దొరికిన వాటి పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. బారపాసారస్, కోటాసారస్, రాజాసారస్, జైనోసారస్, ఇసిసారస్. వీటిలో మొదటి రెండూ మన గోదావరివే అనీ, ఏనుగు కన్నా పెద్దవైనా ఆకులు తప్ప ఇంకేమీ ముట్టేవి కాదనీ చెబితే పిల్లల ముఖాలు చిన్నబోతాయి. రాజాసారస్ మాంసం తినేదనగానే మళ్ళీ వెలిగిపోతాయి.

అమ్మకు నా ఉద్యోగం నచ్చేది కాదు. "బొక్కల కొలువు" అనేది, ఎముకలను మా వైపు బొక్కలంటారు. చెలకలో ఉన్న ఎముక చాలదా అన్నట్టు చూసేది.

ఆ ఎముక సంగతి చెప్పాలి. నేను కడుపులో ఆరు నెలలున్నప్పుడు నాయిన కూలీల గుంపుతో గోదావరి అవతలికి కాలువ తవ్వడానికి వెళ్ళాడు. మా పాలమూరు నుంచి అలా వెళ్ళని ఇల్లు లేదు. దేశంలో ఎక్కడ గుంత తవ్వినా అందులో మావాడొకడు ఉంటాడు. కట్ట కూలి నాయిన చచ్చిపోయాడు. గుంపులోనే ఉన్న ఆయన దోస్తు జానయ్య, నేను చిన్నాయిన అని పిలుస్తాను, పదిహేను రోజులకు ఊరికి వచ్చాడు. అక్కడే కాల్చేశామనీ, మూడో నాడు బూడిదలోంచి ఏరిన ఎముక ఇదనీ చెప్పి, మూతికి తెల్లగుడ్డ కట్టిన మట్టి ముంతను వాకిట్లో పెట్టాడు. ఎముకల ముంత ఇంట్లోకి రాకూడదు. నదిలో కలిపేదాకా దాని మూతి విప్పకూడదు. మాకు కృష్ణా నది దగ్గరే, సోమశిల రేవు గంటన్నర దారి. కానీ జానయ్యే అడ్డం పడ్డాడట. "నదిల కలిపితె ఏం మిగులుతది వదినా? నీ చెలకల పెట్టుకో. కండ్ల ముందర ఉంటడు" అన్నాడట. ఎంత ప్రేమో చూడమని ఊరంతా మెచ్చుకుంది. అలా ఆ ముంత సీతాఫలం చెట్టు కిందికి వచ్చింది. చుట్టూ అమ్మ చేత్తో పేర్చిన గద్దె లేచింది.

ఇరవై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కాలువే వచ్చింది. ఈసారి మా దగ్గరికే. ఎత్తిపోతల కాలువ మా చెలక అంచున పోతుందని, సర్వే చేసే విజేందర్ అనే అతను ఎర్ర జెండాలు పాతి వెళ్ళాడు. ఒక జెండా సరిగ్గా గద్దె మీద పడింది. "సమాధి ఉందని రాసుకున్నమక్కా, వారంల తీసుకోండ్రి. మల్ల మిషిని వస్తది" అని మర్యాదగానే చెప్పాడు. అమ్మ ఫోన్ చేసి రమ్మంటే సెలవు పెట్టి వచ్చాను.

"ఇగ నదిల కలుపుదాం" అంది అమ్మ. "గిన్నొద్దులు కట్టేసుకున్న. పెత్రమాసకు ముందే పంపిస్త."

ఆ మాట ఎలా తెలిసిందో, జానయ్య దగ్గుకుంటూ వచ్చాడు. కంకర మిషన్ల దగ్గర పనిచేసి ఊపిరితిత్తులు రాళ్ళయిన మనిషి. నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకు ఆగాలి. "నదిల వద్దు వదినా. ఇంకో మూలకు జరుపుదాం. నేను గుంత తవ్విస్త" అన్నాడు.

"ఎందుకు వద్దు?" అన్నాను నేను.

"ఊకె అన్న బిడ్డా. జాగా మస్తుంది గదా."

"చిన్నాయినా, నీ దోస్తును నది దాకా పంపనీకి ఇరవై ఆరేండ్లయినా మనసొస్తలేదా?" అని కసిరాను. ఆయన నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గద్దె నేనే తీశాను. కొడుకు లేని ఇంట్లో కూతురే కొడుకు. అమ్మ పసుపు నీళ్ళ చెంబుతో పది గజాల దూరంలో నిలబడింది. రాళ్ళు తీసి, గడ్డపారతో మెల్లగా తవ్వుతుంటే ముంత తగిలింది. తగలడమే కాదు, పగిలింది. ఇరవై ఆరేళ్ళ గుడ్డ పొడిపొడిగా రాలిపోయింది. పెంకుల మధ్య జానెడు పొడవున్న ఎముక ఒకటి కనిపించింది. రెండు చివర్లా ఉబ్బి, నడుమ సన్నగా, ఇటుక రంగులో ఉంది.

చేతిలోకి తీసుకోగానే ఏదో తేడాగా అనిపించింది. కాలిన మనిషి ఎముక తెల్లగా, గుల్లగా, పేలాలంత తేలిగ్గా ఉంటుంది. ఇది తూకపు రాయిలా చేతిని కిందికి లాగింది.

తర్వాత నేను చేసిన పని అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఉత్త రాయో, రాయిగా మారిన ఎముకో తెలియనప్పుడు మా పనిలో ఒక మోటు పద్ధతి ఉంది. నాలుకకు ఆనించి చూస్తాం. రాయి అయితే జారిపోతుంది. ఎముక అయితే లోపలి సన్న రంధ్రాలు తడిని పీల్చుకుని నాలుకను పట్టుకుంటాయి. ఆలోచించలేదు, అలవాటు. మట్టి తుడిచి నాలుకకు ఆనించాను.

అది నా నాలుకను పట్టుకుంది.

మా నాయిన ఎముక అనుకుంటూనే నాకాను గదా అని ఒళ్ళంతా జలదరించింది. ఆ వెంటనే ఇది నాయినది కాదని తెలిసి అంతకన్నా ఎక్కువ భయమేసింది. ఆ ఆకారం నాకు కొత్త కాదు. రోజుకు పదిసార్లు కర్రతో చూపిస్తాను. వెనక కాలు, వేలి ఎముక. పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కిందటిది. బారపాసారస్‌దా కోటాసారస్‌దా అంటే మా మ్యూజియం సారు చెప్పాలి గానీ, ఆకులు తిని బతికిన పెద్ద జంతువుదని నేనే చెప్పగలను.

"నాయిన ఎల్లిండా?" అంది అమ్మ దూరం నుంచి, అంటే మట్టిలోంచి బయటికి వచ్చాడా అని.

"ఎల్లిండమ్మా" అన్నాను. ఎముకను చున్నీలో చుట్టేశాను.

ఇంట్లోకి తేకూడదు కాబట్టి ఆ మూటను సీతాఫలం చెట్టు కొమ్మకే కట్టి వచ్చాం. తెల్లారి వెళ్ళి చూస్తే మూట వేలాడుతున్న వైపు చెట్టుకు ఆకు లేదు. కింది నుంచి నా తల మీద మరో మనిషి నిలబడితే అందేంత ఎత్తు వరకు కొమ్మలన్నీ శుభ్రంగా దూసినట్టున్నాయి. రెండో వైపు ఆకులు, కాయలు మామూలుగానే ఉన్నాయి. మేకలు అనబోయి ఆగిపోయాను. సీతాఫలం ఆకును మేక ముట్టదు. పాలమూరులో ఆ సంగతి పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

నాకు చదువు మీద కోపమొచ్చింది. ఏదో ఒక కారణం చెప్పవలసిన చదువు ఆ పొద్దున నోరు మూసుకుని నిలబడింది.

మూట విప్పుకుని నేరుగా జానయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎముకను ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఎవరిది చిన్నాయినా?"

ఆయన దాన్ని ముట్టుకోలేదు. చేతులు గాల్లోకి లేపి, పాము పడ్డట్టు కూర్చున్నాడు. దగ్గు తెర వచ్చి పోయేదాకా ఆగాను. ఆ తర్వాత ఆయన ఒక్కో మాటా చెప్పాడు.

"కట్ట కూలింది నిజమే బిడ్డా. మీ నాయిన అందరికన్న కింద ఉండె. కాల్చినమని చెప్పింది అబద్ధం. పీనుగే దొరకలే. మూడు దినాలు నేను చేతులతోని తవ్విన. చూడు, ఈ గోర్లు మల్ల సక్కగ రాలే. తవ్వుతాంటె బొక్కలు ఎల్లినయి, ఒకటి కాదు రెండు కాదు. తొడ బొక్క నా ఎత్తు ఉండె. మనుషులయి కావని తెలుస్తనే ఉంది. గన్ని బొక్కలల్ల మా హనుమంతుది ఒక్కటి లేదు. నాలుగో నాడు ఇంకో దిక్కు కూలుతదని మిషిని పెట్టి గుంత పూడిసిండ్రు."

"మరి ఇది?"

"కడుపుతోని ఉన్న ఆడిది. ఒట్టి చేతులతోని పోయి ఏం చెప్పాలె? బొక్క లేకుంటె దినాలు లేవు, పిట్టకు పెట్టుడు లేదు. వస్తడేమోనని జిందగీ అంత తొవ్వ చూసుకుంట కూసుంటది. అందుకే అన్నిట్ల చిన్నది చూసి ముంతల పెట్టుకొచ్చిన."

"నదిల వద్దన్నది అందుకేనా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "మనిషికి అబద్ధం చెప్పిన. గంగమ్మ తల్లికి గూడ చెప్పమంటవా? నాకు ధైర్యం చాలలే. పెత్రమాస నాడు నేను ముద్ద ముట్టి ఇరవై ఆరేండ్లు. నీ కాళ్ళు మొక్కుత బిడ్డా, వదినకు చెప్పకు. సచ్చిపోతది."

చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. మూట కట్టుకుని వచ్చేశాను.

ఆ రోజంతా నా మనసు ఎక్కడెక్కడికి పోయిందో దాచుకోను. ఈ ఎముకను తీసుకెళ్ళి మా సారు బల్ల మీద పెడితే నా తాత్కాలిక ఉద్యోగం గట్టిపడుతుందని కూడా అనుకున్నాను. నదిలో వేస్తే పీడా పోతుందని కూడా అనుకున్నాను. అమ్మ అరవైకి దగ్గరవుతోంది. మిగిలిన నాలుగేళ్ళు మొగుడు గంగలో కలిశాడనుకుని ప్రశాంతంగా బతికితే ఎవరి సొమ్ము పోయింది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా? నోరు మూసుకోవాలనే నిర్ణయించుకున్నాను. నా జీవితంలో అలాంటి నిర్ణయం అదే మొదటిది.

పెత్రమాసకు రెండు రోజుల ముందు అమ్మా నేనూ ఆటో మాట్లాడుకుని సోమశిల వెళ్ళాం. కృష్ణ నిండుగా ఉంది. రేవులో కర్మలు చేయించే జంగమయ్య నన్ను మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, ఎముకను నా దోసిట్లో పెట్టించి, పసుపు చల్లాడు. అమ్మ మెట్ల మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఎవరి పేరు మీద కలుపుతున్నవు బిడ్డా? పేరు చెప్పి ఇడువు" అన్నాడు జంగమయ్య.

నోరు తెరిచాను. పేరు రాలేదు.

ఎముక చూపించి పేరు చెప్పడం నా పని. ఐదేళ్ళుగా అదే చేస్తున్నాను. తప్పు ఎముకకు తప్పు పేరు చెబితే పిల్లవాడు కూడా పట్టుకుంటాడు. ఇప్పుడు నా చేతిలో ఉన్నదానికి హనుమంతు అని పేరు పెడితే, హనుమంతు అనే మనిషి ఎక్కడా లేకుండా పోతాడు. ఆయన పేరు ఈ నీళ్ళలో కొట్టుకుపోతుంది, ఆయన ఆ మట్టి కింద పేరు లేకుండా మిగిలిపోతాడు. నేను చూడని నాయిన. ఆయనకు నేను ఇవ్వగలిగింది ఆ పేరొక్కటే.

"అమ్మా, ఇది నాయినది కాదు" అన్నాను.

రేవులో ఉన్నవాళ్ళు నలుగురూ తిరిగి చూశారు. నేను నీళ్ళలోంచి బయటికి వచ్చి, మెట్ల మీద అమ్మ పక్కన కూర్చుని, జానయ్య చెప్పిందంతా చెప్పాను. ఇది ఏ జంతువుదో కూడా నాకు తెలిసినంత చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె కూలిపోతుందని ఎదురుచూశాను. అమ్మ ఎముకను తన ఒళ్ళోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అడిగింది ఒక్కటే.

"ఆకులు తింటదా?"

"ఆ."

"నీసు ముట్టదా?"

"ముట్టదమ్మా."

"గట్లనా" అంది. ఎముకను కొంగులో చుట్టుకుంది.

"అయితే మీ నాయిన ఇరవై ఆరేండ్ల సంది పస్తులున్నడు."

జంగమయ్య చేతులు కడుక్కుని పక్కకు జరిగాడు. అదే ఆటోలో వెనక్కి వచ్చాం. అమ్మ ఇంటికి పోనివ్వలేదు, జానయ్య వాకిట్లో ఆపించింది. జానయ్య ఆమెను చూసి లేవబోయి లేవలేక మంచం పట్టె పట్టుకున్నాడు. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. నేనైతే రెండూ చేసేదాన్ని.

"నువ్వు తెచ్చిన సుట్టానికి ఇన్నేండ్లు పెట్టిన జానయ్యా" అంది అమ్మ. "ఇప్పుడు నా మనిషికి పెట్టొస్త. జాగ చూపియ్యి."

మర్నాడు బట్టల సంచిలో పైన ఎముకను పెట్టుకుని, ముగ్గురం బస్సెక్కాం. హైదరాబాద్‌లో బస్సు మారేటప్పుడు నేను ఉండబట్టలేక, "అమ్మా, ఇది మా సారుకిస్తె మంచిగ చూసుకుంటడు. ఇసుంటివి ఊకె పారేయొద్దు" అన్నాను.

"మీ తాన ఎన్ని బొక్కలున్నయి?"

"మస్తున్నయి."

"అయితే దాని ఇంటికాడ ఒక్కటన్న ఉండనియ్యి" అంది. మా సారు ఈ సంగతి వింటే నన్ను క్షమించడు. కానీ ఆయనను ఏ గద్దె ముందూ పిట్ట కోసం ఎవరూ కూర్చోబెట్టలేదు.

మంచిర్యాల చేరేసరికి పెత్రమాస తెల్లవారింది. అక్కడి నుంచి జీపులో అడవి దారి పట్టాం. ఆ కాలువ పని ఎప్పుడో మధ్యలో వదిలేశారట. జానయ్య రెండుచోట్ల ఆగి, తలపట్టుకుని గుర్తు చేసుకుని, చివరికి ఒక గుంట దగ్గర దించాడు. పూడ్చిన మట్టి ఏళ్ళ వానలకు కుంగి, చిన్న చెరువంత నీళ్ళు నిలిచాయి. చుట్టూ తుమ్మలు. కాకులకు మాత్రం కొదవ లేదు.

"గీడనే" అన్నాడు జానయ్య, నీళ్ళ నడిమికి చెయ్యి చూపించి. ఒడ్డున కూలబడి తల పైకెత్తలేదు.

అమ్మ మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. దారిలో ఊళ్ళో కొన్న కోడిని నేను శుభ్రం చేస్తే, ఇంటి నుంచి తెచ్చిన కారంతో తనే వండింది. ఎంత నిదానంగా వండిందంటే, ఎవరో లోపల స్నానం చేస్తున్నారు, వచ్చేలోగా అయితే చాలు అన్నట్టుంది. విస్తట్లో అన్నం, కూర పెట్టి, పక్కన కల్లు ముంత పెట్టింది. కాకులు తుమ్మ కొమ్మల మీద కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు.

గంట గడిచింది. రెండు గంటలైంది. కూర మీద నూనె గడ్డకట్టింది. రాకపోతే? చెప్పి తప్పు చేశానేమో, ఉన్న ఆ ఆకుల తృప్తి కూడా ఆమెకు లేకుండా చేశానేమో అనుకున్నాను.

అప్పుడు అమ్మ లేచింది. గట్టంతా తిరిగి ఆకులు కోసింది. మా చెలకలో ఎలా కోసేదో అలాగే, లేతవి చూసి, మోపుగా కట్టింది. సంచిలోంచి ఎముకను తీసి, ఆకుల మోపు మీద పెట్టి, రెండింటినీ ఎత్తుకుని నడుము లోతు నీళ్ళలోకి దిగింది.

"మా ఇంట్ల ఇన్నేండ్లు ఉన్నవు" అంది, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు. "కరువుల గూడ నీకు తక్కువ చెయ్యలే. నీ కోపం లేదు, నా కోపం లేదు. నీది నీకిచ్చిన. నా మనిషిని నాకియ్యి."

చేతులు వదిలింది. ఎముక మునిగింది. ఆకులు కాసేపు తేలి, ఆ తర్వాత అవీ మునిగాయి. ఆకులు ఎందుకు మునుగుతాయి? ఏమో, నేను చూసింది చెబుతున్నాను.

అమ్మ ఒడ్డుకు వచ్చి తడి చీరతో నిలబడింది. అప్పుడు నా అరికాళ్ళకు తెలిసింది. చప్పుడు కాదు. భూమి ఒక్కసారి కింది నుంచి తట్టినట్టయింది. కల్లు ముంతలో నురగ వణికింది. కాస్త ఆగి మళ్ళీ ఒకటి, ఈసారి దూరంగా. ఆ తర్వాత ఇంకా దూరంగా, అడవి వైపు. జానయ్య తల పైకెత్తి నన్ను చూశాడు. ఆయనకూ తెలిసిందని ఆ కళ్ళే చెప్పాయి. నేను మేకలు అనలేదు.

తుమ్మ కొమ్మ మీద నుంచి ఒక కాకి దిగింది. విస్తరికి రెండడుగుల దూరంలో ఆగి, తల వంకరగా పెట్టి అమ్మను చూసింది. అది గెంతి విస్తరి అంచున నిలబడి, కూరముక్క ఒకటి ముక్కుతో లాగింది. మింగింది. ఇంకొకటి లాగింది. తొందరతొందరగా తినసాగింది, మెతుకులు చుట్టూ చెదిరాయి.

మా అమ్మ ఏడవడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. ఆమె నేల మీద చతికిలబడి, తడి కొంగుతో ముఖం తుడుచుకుంటూ, అన్నం కుండను విస్తరి వైపు ఇంకాస్త జరిపింది.

"మెల్లగ తినయ్యా" అంది. "ఇంక మస్తుంది."